రోజంతా మోసే రెప్ బ్యాగు: రెండు భుజాలకా, ఒక భుజానికా?

కొత్తపేట_ఫీల్డ్:
అందరికీ నమస్తే. నేను మెడికల్ రెప్‌ని, డాక్టర్లని కలిసి మా కంపెనీ మందుల గురించి చెప్పడం నా పని. నాది గుంటూరు హెచ్‌క్యూ (హెడ్‌క్వార్టర్స్). నరసరావుపేట, సత్తెనపల్లి ఎక్స్ స్టేషన్లు, అంటే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఊళ్లు. పొద్దున భుజానికెత్తిన బ్యాగు రాత్రి కొత్తపేటలో ఆఖరి ఓపీ అయ్యేదాకా దిగడం లేదు. కంపెనీ ఇచ్చింది ఒంటి పట్టీ లెదర్ బ్యాగు. లోపల ట్యాబ్, ప్రింటు విజువల్ ఎయిడ్ (డాక్టరుకి చూపించే మందుల బొమ్మల పుస్తకం), శాంపిళ్లు, ఎల్‌బీఎల్‌లు (డాక్టరు దగ్గర వదిలి వచ్చే కరపత్రాలు), ఆర్డర్ బుక్కు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, వానాకాలమైతే రెయిన్‌కోటు. కుడి గూడ నుంచి మెడ దాకా లాగేస్తోంది. బ్యాక్‌ప్యాక్ కొనుక్కుంటానంటే మా మేనేజర్ వద్దంటున్నారు, కాలేజీ కుర్రాడిలా ఉంటుందట. రోజంతా ఒంటి మీద ఉన్నా బాధ తెలియకుండా మీరెలా సర్దుకున్నారో చెప్పండి.

సూర్యారావుపేట_బండి:
తమ్ముడూ, బ్యాక్‌ప్యాకే. ఇందులో రెండో మాట లేదు. ఒంటి పట్టీ వేసుకుంటే అది జారకుండా ఆ భుజాన్ని మనకి తెలియకుండానే పైకెత్తి పట్టుకుంటాం, నడుము రెండో పక్కకి వంగుతుంది. పొద్దస్తమానం అలా ఉంటే మెడ లాగక ఏం చేస్తుంది? భుజం మార్చుకుంటే సరిపోతుందంటారు కొందరు. నొప్పి రెండు పక్కలా వస్తుంది, అంతే.

బ్యాగు కొన్నంత మాత్రాన సరిపోదు, సర్దడంలోనే ఉంది. బరువైనది వీపుకి ఆనుకుని ఉండాలి. ట్యాబ్ వెనక అరలో, దాన్ని ఆనుకుని శాంపిళ్లు, కాగితాలు బయటి అరలో. డబ్బా అన్నిటికంటే బయట పెట్టావంటే బ్యాగు వెనక్కి లాగుతుంది, నువ్వు ముందుకి వంగుతావు. పట్టీలు బిగించి అడుగు భాగం నడుము కిందికి జారకుండా చూసుకో. ఛాతీ మీద చిన్న బెల్టు ఉన్నది తీసుకో, పట్టీలు భుజాల చివరికి జారవు. వీపు వైపు జాలీ గుడ్డ, మధ్యలో గాలి ఆడే సందు ఉన్నవి దొరుకుతాయి, చొక్కా మరక చాలా తగ్గుతుంది.

బండి ఎక్కాక మాత్రం పట్టీలు కాస్త వదులు చెయ్యి. బ్యాగు అడుగు వెనక సీటు మీద కూర్చుంటుంది, బరువు సీటుది, పట్టీ నీది. దిగగానే మళ్లీ బిగించు. సత్తెనపల్లి రోడ్డు మీద ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరడు:
అన్నా గిదంత ఎందుకు, డిక్కీల వెట్టి రెండు శాంపిళ్లు జేబుల ఏసుకోని పోవుడే.

ఏఎస్ఎమ్_రాజమండ్రి:
బండి గారు చెప్పినవి ట్రెక్కింగుకి పనికొస్తాయి. మనది డాక్టరు గారి ఛాంబరు. లోపలికి వెళ్లాక మనకి దొరికేది అర నిమిషం, మంచి రోజైతే ఒక నిమిషం. బ్యాక్‌ప్యాక్ ఉన్న రెప్ ఏం చేస్తాడు? ఛాతీ బెల్టు విప్పి, ఒక భుజం దించి, రెండోది దించి, నేల మీద పెట్టి, వంగి, జిప్పు తీసి, వెతుకుతాడు. ఈలోగా అటెండరు తర్వాతి పేషెంటుని పిలిచేస్తాడు. పక్క బ్యాగైతే నిలబడే తెరవొచ్చు, డాక్టరు గారి ముఖం మీంచి చూపు తిప్పకుండా ట్యాబ్ చేతిలోకి వస్తుంది.

ఇంకొకటి, టై మీద ఛాతీ బెల్టు ఏమిటండీ? దానవాయిపేటలో నా టీమ్ ఎవరైనా అలా వస్తే నేను గేటు దగ్గరే విప్పిస్తాను. మనిషిని చూడగానే హుందాతనం కనపడాలి. నొప్పి ఉందంటే పట్టీ వెడల్పాటిది వేయించుకోండి, భుజం దగ్గర మెత్త కుట్టించుకోండి, బ్యాగుని అడ్డంగా మెడ మీంచి వేసుకోండి. వీటితో సరిపోతుంది.

సూర్యారావుపేట_బండి:
సార్, ఛాంబరు తలుపు దాకా వచ్చాక ట్యాబ్ తీసి చేతిలో పట్టుకుంటే వచ్చే నష్టమేమిటి? బయట బెంచీ మీద గంట కూర్చోబెడతారు కదా, ఆ గంటలో తీయలేమా? టై మీద బెల్టు బాగోదంటే లోపలికెళ్లేముందు ఒక్క క్లిప్పు తీస్తే పోయె.

మెడ మీంచి అడ్డంగా వేసుకుని బండి నడిపి చూశారా మీరు? వంగినప్పుడల్లా బ్యాగు ముందుకొచ్చి ట్యాంకు మీద పడుతుంది, మలుపులో హ్యాండిల్‌కి తగులుతుంది. మీకు కారు ఉంది కాబట్టి ఈ సంగతి తెలియకపోవచ్చు.

పోరడు తమ్ముడూ, డిక్కీ మాట వద్దు. సగం మందుల మీద 25 డిగ్రీలు, 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో చెయ్యి పెట్టి చూడు. ఆ శాంపిల్ ఎవరో ఒక పేషెంటు మింగుతాడు.

ఏఎస్ఎమ్_రాజమండ్రి:
కారు సంగతి ఇక్కడెందుకు? నేనూ ఏళ్ల తరబడి స్కూటర్ మీద తిరిగి వచ్చినవాణ్ణే. ఛాతీ బెల్టు గురించి అడిగాను, దానికి సూటిగా జవాబు చెప్పండి.

పాత_రెప్:
మా కాలంలో సిరప్ శాంపిళ్లు గాజు సీసాల్లో వచ్చేవి బాబూ. భుజం నొప్పి అప్పుడూ ఉంది. మనలాంటి సేల్స్ ఉద్యోగుల కోసం అప్పట్లో తెచ్చిన 1976 చట్టం మనకి సెలవులు ఇచ్చింది, నియామక పత్రం ఇమ్మంది. మోత గురించి అందులో ఒక్క మాట ఉండేది కాదు.

కర్నూలు_శ్రీ:
ఇక్కడ అందరూ మగవాళ్ల భుజాల లెక్కే చెబుతున్నారు, నాది కూడా వినండి. అడ్డంగా వేసే పట్టీ ఛాతీ మీంచి పోతుంది. వెయిటింగ్ హాల్లో అలా నిలబడటం నాకు ఎంత ఇబ్బందో మేనేజర్లకి చెప్పలేను, చెప్పినా పట్టించుకోరు. నేను నంద్యాల, ఆదోని బస్సులో వెళ్తాను. బ్యాక్‌ప్యాక్ బస్సులో ముందుకి తిప్పి వేసుకుంటాను, సీటు దొరికితే ఒళ్లో పెట్టుకుంటాను. ఏ ఊళ్లో బాత్రూమ్ దొరుకుతుందో తెలియదు కాబట్టి నా బ్యాగులో మీ బ్యాగుల్లో లేనివి కూడా ఉంటాయి. ఆడవాళ్ల కొలతకి పట్టీలు దగ్గరగా కుట్టిన బ్యాగులు వేరే ఉంటాయి, మన లైన్లో ఉన్న అక్కలు అవి చూసుకోండి. మామూలువి నా భుజాల మీద నిలవలేదు.

అయితే నాకు అర్థం కానిది ఇది. అందరూ పట్టీల గురించే కొట్టుకుంటున్నారు, లోపలున్న బరువు ఎవరూ తగ్గించరేం? ట్యాబ్‌లో ఉన్న బొమ్మలే ప్రింటు విజువల్ ఎయిడ్‌లోనూ ఉన్నాయి. రెండూ ఎందుకు మొయ్యాలి? ఆ రోజు కలిసే డాక్టర్లకి కావలసిన బ్రాండ్లే తీసుకెళ్లి, మిగతావి ఇంట్లో ఎందుకు పెట్టకూడదు?

ఏఎస్ఎమ్_రాజమండ్రి:
అమ్మా, ట్యాబ్ చార్జింగు అయిపోతే? డాక్టరు గారు అనుకోకుండా వేరే బ్రాండు అడిగితే? జాయింట్ వర్క్ రోజున, అంటే మేనేజర్ వెంట వచ్చిన రోజున, బ్యాగు తెరిస్తే అన్ని బ్రాండ్లూ కనపడాలి. అది క్రమశిక్షణ.

కొత్తపేట_ఫీల్డ్:
సార్, అదే నా సమస్య కూడా. బ్యాగు తెరిచి చూస్తారని అన్నీ మోస్తున్నాను. సాయంత్రానికి సగం కదలకుండానే వెనక్కి వస్తాయి.

సూర్యారావుపేట_బండి:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. బ్యాగు డాక్టరు కోసం కాదు, మేనేజర్ కోసం మోస్తున్నాం.

నా సంగతి చెబుతా. ఒక జాయింట్ వర్క్ రోజున మా పై ఆయన సూర్యారావుపేటలో మెడికల్ షాపు కౌంటరు మీద నా బ్యాగు బోర్లించి, షాపు వాళ్లూ కస్టమర్లూ చూస్తుండగా శాంపిళ్లు లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. ఒక్క మాట అనలేదు, సర్దుకోమని వెళ్లిపోయాడు. నేను రోజూ ఆర్డరు తీసుకునే షాపు అది. నడుము నొప్పికి బెల్టు కట్టుకోవచ్చు సార్, దీనికి ఏం కట్టుకోవాలి? హుందాతనం గురించి మీరు చెబుతుంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

ఓరుగల్లు_పోరడు:
గిది తప్పు. బ్యాగు చూస్కోని, మందిల ఇజ్జత్ తీసుడేంది?

ఏఎస్ఎమ్_రాజమండ్రి:
అలా చేసినవాడిది తప్పే, నేను సమర్థించను. కానీ నా వైపు కూడా వినండి. నా కింద ఒకతను శాంపిళ్లు షాపుకి అమ్ముకున్నాడు. 'అమ్మకానికి కాదు' అని అట్ట మీద రాసి ఉన్న మందు. ఆఫీసు వాళ్లు అడిగింది అతన్ని కాదు, నన్ను. అతను రాజీనామా చేసి వెళ్లిపోయాడు, నా ఇంక్రిమెంటు ఆగింది. ఆ తర్వాతే నేను బ్యాగులు తెరవడం మొదలుపెట్టాను. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ కోడ్‌తో శాంపిల్ లెక్క ఇంకా గట్టిపడింది. ఎంతమందికి ఎన్ని ఇచ్చామో కంపెనీ రికార్డు పెట్టాలి. ఆ రికార్డుకి ఫీల్డులో సంతకం నాది.

కర్నూలు_శ్రీ:
సార్, ఆ కోడ్ మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. ఒక శాంపిల్ ప్యాక్‌లో ముగ్గురు పేషెంట్లకి కావలసిన కోర్సుకి మించి మందు ఉండకూడదు. ఒక డాక్టరుకి ఒక మందు ఏడాదికి 12 ప్యాకులకి మించి ఇవ్వకూడదు. అంటే ఏ రోజు ఎవరికి ఏం ఇవ్వాలో ముందే తేలిపోతుంది. ఆ కాస్తే బ్యాగులో ఉంటే మీకు లెక్కా తేలిక, నాకు మోతా తేలిక. మిగతా స్టాకు ఇంట్లో ఉందో లేదో నెలకోసారి ఇంటికొచ్చి చూసుకోండి, కాఫీ కూడా ఇస్తాను. రోడ్డు మీద మాత్రం నా బ్యాగులో చెయ్యి పెట్టకండి. అందులో నా సొంత వస్తువులు ఉంటాయని పైనే చెప్పాను.

వెయ్యి రూపాయల లోపు పుస్తకాలు, డైరీలు, క్యాలెండర్లు ఇవ్వొచ్చని అదే కోడ్ చెప్పింది కదా, జనవరిలో మన వీపులు విరిచేవి అవే. వాటిని స్టాకిస్టు దగ్గర దింపించి, ఏ రోజువి ఆ రోజు తీసుకునేలా చేయించండి. అది మీ చేతిలో ఉన్న పని.

ఏఎస్ఎమ్_రాజమండ్రి:
డైరీల సంగతి నిజమే, ఈసారి అడుగుతాను. రోజు ప్లాను ప్రకారం శాంపిళ్లు తీసుకెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు, ముందు రోజు రాత్రి లిస్టు నాకు పంపితే చాలు. ప్రింటు విజువల్ ఎయిడ్ మాత్రం ఉండాలి. ఛాతీ బెల్టు విషయంలో నా మాట మారదు.

సూర్యారావుపేట_బండి:
నాదీ మారదు. లిస్టు పంపుతాం, దాన్ని నమ్మండి. నమ్మకుండా మళ్లీ బ్యాగు తెరిస్తే లిస్టు ఎందుకు?

కొత్తపేట_ఫీల్డ్:
శ్రీ అక్కా, మీరు చెప్పిన లిస్టు పద్ధతి మా మేనేజర్ గారికి మెయిల్ చేస్తున్నాను, కోడ్‌లోని ఆ రెండు లెక్కలూ పైన రాసి. బండి అన్నా, జాలీ వీపు బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కకి పెట్టుకునే అర ఉంటుందా? సాంబారు కారితే ట్యాబ్ పోతుంది.

సూర్యారావుపేట_బండి:
ఉండదు తమ్ముడూ. డబ్బాని సీటు ముందు హుక్కుకి తగిలించు, వీపు మీద మోయకు.