"మహా" జపాన్ వెళ్లి "మాకా" ఎలా అయింది? షీనా రింగో పాటల నుంచి ఒక మాట

గ్రూపులో అందరికీ నమస్కారం. మొన్న ఒకరు "ప్రజ్ఞాపారమిత" (పరిపూర్ణ జ్ఞానం అనే అర్థంలో బౌద్ధులు వాడేది) అన్న మాట గురించి అడిగితే రెండు ముక్కల్లో జవాబు రాసి వదిలేశాను. అప్పటినుంచి మనసు అక్కడే తిరుగుతోంది. ఆ మాట నేను నేర్చుకున్నది సంస్కృతం పుస్తకంలో కాదు, ఒక జపాన్ పాప్ గాయని పాట దగ్గర. ఆ సంగతి ఈసారి తీరిగ్గా రాస్తాను.

షీనా రింగో పాటలు నేను ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. ఆవిడ 1978లో పుట్టారు. తన పాటలు తనే రాసి, తనే బాణీ కట్టుకుంటారు. 1998 మే 27న తొలి సింగిల్ వచ్చింది, మరుసటి ఏడాది తొలి ఆల్బమ్ 'ముజాయ్ మొరటోరియం'. ఆవిడది ఏ తరహా సంగీతం అని అడిగితే నా దగ్గర ఇప్పటికీ ఒక్క మాటలో జవాబు లేదు. మొదట్లో గిటార్లు గోల చేసే రాక్. టోక్యో జిహెన్ బ్యాండ్‌తో చేసినవాటిలో జాజ్ పియానో. 2007లో వచ్చిన 'హెయ్‌సెయ్ ఫూజొకు'లో వయొలిన్ కళాకారుడు సాయితో నెకోతో కలిసి నిండు ఆర్కెస్ట్రా. మధ్య మధ్యలో పాతకాలపు జపాన్ పాటల వాసన. ఎన్ని వీధులు తిరిగినా గొంతు మాత్రం ఒక్కటే. 'ర' వచ్చిన చోట నాలుక గట్టిగా మడిచి దొర్లిస్తారు. మామూలు జపనీస్ 'ర' చాలా మెత్తన, నాలుక ఒక్కసారి తగిలి వదిలేస్తుంది. ఆవిడ 'ర' వింటే మాత్రం మా తాతయ్య నోట బండి 'ఱ' విన్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు హెడ్‌ఫోన్స్ చెడిపోయాయేమో అనుకుని తీసి చూశాను.

మాటలంటే ఆవిడకు ఉన్న పిచ్చి నన్ను అభిమానిని చేసింది. 2002లో ఇతరుల పాటలు పాడి వేసిన ఆల్బమ్‌కు 'ఉతాయితె మ్యోరి' అని పేరు పెట్టారు. గాయనిగా పుట్టిన అదృష్టం అన్నంత అర్థం. అందులో 'ఉతాయితె'ను ఇప్పటి పద్ధతిలో రాయలేదు, రెండో ప్రపంచయుద్ధానికి ముందు పద్ధతిలో 'ఉతాహితె' అని రాశారు. పలికేది 'యి', రాసేది 'హి'. ఈ రోజుల్లో సినిమా పోస్టర్ మీద ఎవరైనా అరసున్న పెట్టి 'వాఁడు' అని రాస్తే మనకెలా ఉంటుందో అలాంటిది.

ఇక అసలు విషయం. 2019లో, తొలి సింగిల్ వచ్చిన తేదీకే, అంటే మే 27న, 'సాన్‌డొకుషి' అనే ఆల్బమ్ వచ్చింది. చైనా ఇతిహాసం 'మూడు రాజ్యాల కథ'ను జపాన్‌లో 'సాన్‌గొకుషి' అంటారు. అందులో 'గొ' తీసి 'డొ' పెట్టారు, అంతే. 'సాన్‌డొకు' అంటే మూడు విషాలు. మూడు రాజ్యాల చరిత్ర కాస్తా మూడు విషాల చరిత్ర అయింది. ఒక్క అక్షరంతో ఇంత పని చేయడం మన అవధానుల దగ్గర చూశాను, మళ్లీ ఇక్కడే చూశాను.

ఆ మూడు విషాలు బౌద్ధం చెప్పినవి: రాగం, ద్వేషం, మోహం. మనం అరిషడ్వర్గం అని ఆరు లెక్కపెడతాం, వాళ్లు మూడింటితో సరిపెట్టారు. బౌద్ధుల భవచక్ర చిత్రంలో నట్టనడుమ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరిగే కోడి, పాము, పంది ఇవే. ఆల్బమ్‌లో మొదటి పాట పేరు కూడా అదే: 'కోడి, పాము, పంది'. మొత్తం పదమూడు పాటలు. బేసి సంఖ్య పాటలు ఆవిడ ఒక్కరే పాడతారు, సరి సంఖ్య పాటల్లో ఒక మగ కళాకారుడు తోడుంటాడు.

మొదటి పాట మొదలయ్యేది హృదయసూత్రం అనే చిన్న బౌద్ధ గ్రంథం పారాయణంతో. ఆ రాత్రి లైటు తీసేసి వింటున్నాను. మంత్రాలు చదువుతున్న ఆ మగగొంతుల వరుస వినగానే లేచి కూర్చున్నాను. అర్థం తెలియదు, కానీ ఎక్కడో మన ఊళ్లో విన్నట్టు ఉంది. మర్నాడు ఆ సూత్రం మొత్తం వెతికి, పేరు దగ్గరే ఆగిపోయాను. జపాన్‌వాళ్లు చదివేది ఇలా:

మాకా హన్న్యా హరామిత్తా షింగ్యో.

మన నోట పెడితే: మహా ప్రజ్ఞా పారమితా హృదయసూత్రం. చివరి 'షింగ్యో' ఒక్కటే చైనా మాటలకు జపాన్ పలుకు, హృదయసూత్రం అని అర్థం. మిగతాదంతా సంస్కృతమే. ఇక సూత్రం చివర వచ్చే మంత్రం చూడండి. మనది "గతే గతే పారగతే పారసంగతే బోధి స్వాహా". వాళ్లది "గ్యాతే గ్యాతే హరాగ్యాతే హరసోగ్యాతే బోజి సోవాకా".

రెండూ పక్కపక్కన నోట్‌బుక్‌లో రాసుకుని చూస్తే ఒక తమాషా కనపడింది. మన 'ప' వాళ్లకు 'హ' అయింది: పార, హరా. మన 'హ' వాళ్లకు 'క' అయింది: మహా, మాకా, స్వాహా, సోవాకా. 'హ' పలకగలిగినవాళ్లు 'మహా' అనకుండా 'మాకా' అనడం ఏమిటి? చాలా రోజులు తలకెక్కలేదు.

కిటుకు కాలంలో ఉంది. ఈ మాటలు జపాన్ చేరిన రోజుల్లో జపనీస్‌లో 'హ' శబ్దమే లేదు. బయటినుంచి 'హ' వస్తే దానికి దగ్గరగా ఉన్న 'క'తో పలికారు. అలా 'మాకా' స్థిరపడింది. అప్పటి 'ప' మాత్రం మెల్లగా పెదవుల పట్టు సడలి, 'ఫ' లాంటి శబ్దమై, చివరికి 'హ' అయింది. అంటే ఇప్పుడు మనకు వినిపించే 'హరా' ఒకప్పుడు నిజంగా 'పారా'కు దగ్గరగానే ఉండేది. పైన చెప్పిన 'ఉతాహితె'లో 'హి' కూడా ఈ దారిలోదే. కాకపోతే మాట నడుమ ఆ 'ఫ' లాంటి శబ్దం 'హ' కాకుండా 'వ' అయి, తర్వాత అదీ జారిపోయి 'యి' మిగిలింది.

ఇంకొకటి. జపాన్‌లో పారాయణం చేసే ఈ పాఠం మూలంలో హ్యూయన్‌త్సాంగ్ అనువాదంగా ప్రసిద్ధం. మనం స్కూల్లో చదువుకున్న ఆ యాత్రికుడే. ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకానికి, అంటే అమరావతి ప్రాంతానికి వచ్చి కొంతకాలం ఉన్నాడు. సూత్రమంతా చైనా భాషలోకి మార్చినా, చివరి మంత్రాన్ని అర్థంలోకి మార్చలేదు, శబ్దాన్ని శబ్దంగానే చైనా లిపిలో ఉంచారు. అందుకే "గతే గతే" ఇన్ని దేశాలు దాటినా మనకు గుర్తుపట్టేలా ఉంది.

*

ఒక సభ్యుడు: అన్నా, నేను బెంగళూరులో ఉంటాను. ఇక్కడ పాలు 'హాలు', పులి 'హులి', పండు 'హణ్ణు'. జపాన్ సంగతీ ఇదేనా?

జవాబు: సరిగ్గా పట్టుకున్నావు తమ్ముడూ. పాత కన్నడలో ఇవన్నీ 'ప'తోనే ఉండేవి, తర్వాత 'హ' అయ్యాయి. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఎవరి దారిన వాళ్లు అదే మలుపు తిరిగారు. నాకు వీటన్నిటిలో ఇష్టమైన జత మన 'పాడు', కన్నడ 'హాడు'.

ఒక సభ్యురాలు: రాగం అంటే మనకు సంగీతం కదండీ, దాన్ని విషాల్లో ఎలా కలిపారు?

జవాబు: మంచి ప్రశ్న అక్కా. 'రాగం'కు మూలార్థం రంగు, అందులోనూ ఎరుపు. సంధ్యారాగం అన్నప్పుడు మనం చెప్పేది ఆకాశం ఎరుపునే. మనసుకు రంగు పట్టడం అనురాగం. ఆ రంగు వదలకపోతే బౌద్ధులు చెప్పే విషం. వినేవాళ్ల మనసుకు రంగు పట్టించేది సంగీతంలో రాగం. అన్నీ ఒకే ధాతువు పిల్లలు. మరో మాట, 'రింగో' అంటే జపనీస్‌లో ఆపిల్. చిన్నప్పుడు సిగ్గుతో బుగ్గలు ఎర్రబడేవని ఆ పేరు పెట్టుకున్నారని చెబుతారు. ఆ లెక్కన పేరులోనే రాగం ఉంది ఆవిడకు. ఇది నా ముచ్చట మాత్రమే, వ్యుత్పత్తి కాదు.

ఒక పెద్దాయన: బాబూ, 'పారగతే' అంటే అవతలి ఒడ్డుకు చేరడం. ఆ ఆల్బమ్‌లో ఆ భావం ఎక్కడైనా నిలబడిందా, లేక అలంకారానికి వాడుకున్నారా?

జవాబు: మాస్టారూ, నాకైతే నిలబడిందనే అనిపిస్తుంది. మొదటి పాటకు ఇంగ్లిష్‌లో పెట్టిన పేరు 'గేట్ ఆఫ్ లివింగ్', బతుకు వాకిలి. పదమూడో పాట పేరు 'అనొ యొ నొ మొన్', పరలోకపు వాకిలి. ఈ వాకిట్లోంచి ఆ వాకిట్లోకి నడవడమే మిగతా పాటలన్నీ. ఇంకా ఒకటుంది. మన 'గతే'ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చూడండి. జీ, ఏ, టీ, ఈ. వాకిలికి ఇంగ్లిష్‌లో రాసే నాలుగు అక్షరాలూ అవే. ఆవిడ కావాలని చేశారో లేదో నేను చెప్పలేను కానీ, ఆ సంగతి గమనించిన రోజు మొదటి పాట మళ్లీ పెట్టుకుని మూడుసార్లు విన్నాను.