వ్యాసానికి మొదటి వాక్యం పిల్లలకు నేర్పాలా, అచ్చు వాక్యం ఇచ్చేయాలా?

పలక_బలపం:
జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈ వారం తొమ్మిదో తరగతి చేత నీటి పొదుపు మీద వ్యాసం రాయించాను. సగానికి పైగా నోటుబుక్కులు "మానవునికి నీరు ఎంతో అవసరం" అనే మొదలయ్యాయి. మిగతావాటిలో చాలా వరకు "నేటి ఆధునిక యుగంలో". తప్పు పిల్లలది కాదు. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని బోర్డు మీద రాసేది మనమే, గైడులో ఉన్నది బట్టీ పట్టమనేదీ మనమే.

ఆ క్లాసులో ఒకమ్మాయి రోజూ పొద్దున్నే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి బడికి వస్తుంది. ఆ సంగతి తన వ్యాసంలో ఎక్కడా లేదు. ఎందుకు రాయలేదమ్మా అంటే, "అది రాయొచ్చా సార్?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అచ్చు వాక్యాలు ఆపేయాలి అంటాను. మీరేమంటారు?

స్పాట్_డ్యూటీ:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోలేను. నేను స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తుంటాను. కట్టల కొద్దీ పేపర్లు దిద్దేటప్పుడు చూసేది పాయింట్లు, తప్పుల్లేని వాక్యాలు. చదువులో వెనకబడ్డ పిల్లాడికి ఆ అచ్చు వాక్యం చేతికర్ర. అది లాగేస్తే తెల్లకాగితం ముందు టెన్షన్‌తో పావుగంట పోగొట్టుకుంటాడు. పైగా కొత్తగా మొదలుపెట్టమంటే ఏం చేస్తారో చూశాను. అందరూ ప్రశ్నే వేస్తారు: "నీరు లేని లోకాన్ని ఊహించగలమా?" అదీ అచ్చే కదండీ!

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మా పాప వ్యాసాన్ని మా ఊరి చెరువు ఎండిపోవడంతో మొదలుపెట్టింది. "ఉపోద్ఘాతం లేదు" అని ఎర్ర సిరాతో రాసి మార్కులు తగ్గించారు. ఆ తర్వాత నుంచి గైడు చూసే రాస్తోంది. ముందు దిద్దేవాళ్ళకు నేర్పండి.

పలక_బలపం:
అమ్మా, మీ పాప రాసిందే అసలైన ఉపోద్ఘాతం. తనతో నా మాటగా చెప్పండి.

మేడం, ప్రశ్న సంగతి మీరన్నది నిజం. అందుకే "ఆకట్టుకునేలా మొదలుపెట్టండి" అనడం మానేశాను. అలా అంటే పిల్లలు పెద్ద మాటలు వెతుక్కుంటారు. ఇప్పుడు పైన రెండు గీతలు ఖాళీ వదిలి రెండో పేరా నుంచి రాయమంటున్నాను. వ్యాసం అయ్యాక, నువ్వు కళ్ళారా చూసిన సంగతి ఎక్కడుందో దాని కింద గీత గీయి, దాన్ని పైకి తీసుకురా అంటాను. వెనకబడ్డ పిల్లాడికీ ఇది తేలికే, మొదలెలా అన్న భయం ముందే పోతుంది. బిందెల అమ్మాయి రెండోసారి ఇలా రాసింది: "మా వీధిలో మనుషుల కంటే ముందు బిందెలు లేస్తాయి."

ఇంకోటి. గురజాడ "దిద్దుబాటు" 1910లో వచ్చింది. సంఘ సంస్కరణ గురించిన కథే, కానీ సంఘం గురించి ఉపన్యాసంతో మొదలవదు. రాత్రి ఒంటిగంట వేళ మొగుడు తలుపు తీయమని పిలవడంతో మొదలవుతుంది. అంతవరకే చదివి పుస్తకం మూసి, ఇతను ఎక్కణ్నుంచి వచ్చాడర్రా అని అడిగాను. క్లాసంతా చేతులెత్తింది. నూరేళ్ళు దాటినా ఆ తలుపు దగ్గర పిల్లలు ఆగుతున్నారు.

స్పాట్_డ్యూటీ:
బిందెల వాక్యం రెండుసార్లు చదివాను. అలాంటి పేపరు నా చేతికొస్తే మార్కు తగ్గించను, మాటిస్తున్నాను. కానీ పదో తరగతిలో, అదీ ప్రీఫైనల్ ముందు, ఈ ప్రయోగం వద్దు. అప్పుడు చేతికర్ర ఉండాల్సిందే. ఏడు, ఎనిమిది తరగతుల్లో సోమవారం నుంచి మొదలుపెడతాను. మా పిల్లల చేతిరాత పెద్దది, రెండు గీతలు చాలవు. మూడు వదలమంటాను.