అమెరికాలో చమురు రికార్డు స్థాయిలో తీస్తున్నాం, మరి బంకులో ధర మన చేతిలో ఎందుకు లేదు?

తూర్పుతీరం

2024లో అమెరికా రోజుకు సగటున 1.32 కోట్ల బ్యారెళ్ల ముడిచమురు తీసింది. అంతకుముందు ఏ దేశమూ ఏ ఏడాదీ ఇంత తీసింది లేదు. 2008లో అది 50 లక్షలు, అంటే పదహారేళ్లలో రెండున్నర రెట్లు దాటింది. అయినా 2022 జూన్‌లో గ్యాలన్ పెట్రోలు సగటు ధర 5 డాలర్లు దాటింది. నేను ఆఫీసుకి రోజూ రానూపోనూ 70 మైళ్లు నడుపుతాను, ఆ నెల కార్డు బిల్లు ఇంకా గుర్తుంది. మన నేల కింది సరుకు మనకే ఆ ధరకా?

1975లో కాంగ్రెస్ ముడిచమురు ఎగుమతిని నిషేధించింది. 2015 డిసెంబరులో ఎత్తేశారు. దాన్ని మళ్లీ పెట్టాలన్నది నా వాదన. ఇంట్లోవాళ్లకి సరిపోయాకే కదా పొరుగింటికి పంపేది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

హ్యూస్టన్ కోడలు

నేను కాదనే అంటానండీ. రిఫైనరీ ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి రోజూ చూసేదే చెప్తాను. మా బల్ల మీద రెండు శాంపిల్ సీసాలు పక్కపక్కన పెడితే ఒకటి పర్మియన్ (పశ్చిమ టెక్సస్, న్యూమెక్సికోల్లోని చమురు ప్రాంతం) చమురు, పలచగా, లైటుకి ఎదురుగా పట్టుకుంటే డికాషన్ రంగులో కనిపిస్తుంది. రెండోది కెనడా నుంచి వచ్చే బరువు చమురు. సీసా వంచితే అంచు దాకా మెల్లగా పాకి, ముదురు పాకంలా గోడకి అంటుకుపోతుంది. రెండూ చమురే, కానీ ఒకే యంత్రానికి సరిపడే సరుకు కాదు. గల్ఫ్ తీరంలోని చాలా రిఫైనరీలు షేల్ (గట్టి రాతి పొరలను పగలగొట్టి తీసే చమురు) రాకముందే వెనిజువెలా, మెక్సికోల బరువు చమురుకి తగ్గట్టు వేల కోట్ల డాలర్లు పోసి కట్టినవి. అందుకే ఇంత తీస్తూ కూడా ఇంకా రోజుకు 60 లక్షల బ్యారెళ్లకు పైగా ముడిచమురు కొంటున్నాం, అందులో దాదాపు 40 లక్షలు కెనడావే. పలచటిది రోజుకు దాదాపు 40 లక్షల బ్యారెళ్లు బయటికి అమ్ముతున్నాం.

పైగా మీరు అడిగిన నిషేధం ఉన్నప్పుడు ఏమైందో చూడండి. 2011 నుంచి 2013 మధ్య ఓక్లహోమాలోని కుషింగ్ ట్యాంకుల దగ్గర చమురు పేరుకుపోయి, ఇక్కడి ధర ప్రపంచ ధరకి కొలమానమైన బ్రెంట్ కంటే కొన్నిసార్లు 20 డాలర్లకు పైగా పడిపోయింది. బంకులో తగ్గిందా? 2012లో సగటున మూడున్నర డాలర్ల పైనే కొట్టించాం. ఎందుకంటే నిషేధం ముడిచమురు మీదే, పెట్రోలు, డీజిల్ మీద కాదు. వాటిని రిఫైనరీలు ప్రపంచ ధరకే అమ్ముకున్నాయి, మధ్యలో తేడా వాటికే మిగిలింది. మీ కార్డు బిల్లుకి అందులో ఒక్క డాలరూ రాదు.

లెక్కలపిచ్చి

కోడలుగారు చెప్పింది నిజం. అయితే లాభమే లేదనుకోవద్దు, లాభం ఇంకోచోట ఉంది. 2005లో మనం వాడే పెట్రోలియంలో నికరంగా 60 శాతం బయటిది. 2020కి వచ్చేసరికి ఏడాది మొత్తం లెక్కలో నికర ఎగుమతిదారులం అయ్యాం. పాత రోజుల్లో ధర పెరిగితే డబ్బు దేశం దాటిపోయేది. 1973లో అరబ్ దేశాలు అమ్మకం ఆపినప్పుడు బ్యారెల్ 3 డాలర్ల నుంచి 12కి చేరింది, ఆ దెబ్బకి దేశం మొత్తం ఒక్కసారే కుంగింది. ఇప్పుడు ధర పెరిగితే మసాచుసెట్స్‌లో కారు నడిపేవాడి జేబులోంచి పోయింది టెక్సస్‌లో భూమి ఉన్నవాడి జేబులోకి వెళ్తుంది. దేశం లెక్కలో పెద్ద తేడా ఉండదు, ఇంటి లెక్కలో చాలా ఉంటుంది. రాజకీయంగా నాకు ముఖ్యమనిపించేది ఇదే. అప్పుడు చమురు ధర అందరికీ ఉమ్మడి శత్రువు, ఇప్పుడు అది రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తగువు.

విదేశాంగంలో కూడా తేడా కనిపిస్తుంది. 2019 సెప్టెంబరు 14న సౌదీలో అబ్‌ఖైక్ చమురు కేంద్రం మీద దాడి జరిగి రోజుకు 57 లక్షల బ్యారెళ్లు ఆగిపోయాయి. మొదటి రోజు ధర 15 శాతం దాకా ఎగిరింది, కొన్ని వారాల్లోనే మళ్లీ మామూలైంది. సౌదీ తొందరగా బాగుచేసుకుంది, నిజమే. కానీ పక్కన ఇంత సరఫరా ఉందన్న ధైర్యం మార్కెట్‌కి లేకపోతే ఆ నెల వేరేలా ఉండేదని నా నమ్మకం. ఇరాన్ మీద అంత గట్టిగా ఆంక్షలు పెట్టగలిగింది కూడా చాలావరకు ఈ ధైర్యంతోనే.

ఇసుకబండి

టెక్సస్‌లోని మిడ్‌ల్యాండ్‌లో తొమ్మిదేళ్లు పని చేశాను, ఫ్రాకింగ్‌కి (నీళ్లు, ఇసుక ఒత్తిడితో ఎక్కించి రాతిని పగలగొట్టడానికి) ఇసుక చేరవేసే బండ్ల షెడ్యూలు చూసేవాణ్ని. మీరంతా ఉత్పత్తిని ఒక అంకెలాగా చూస్తున్నారు. బావి దగ్గర నిలబడితే అది అంకె కాదు, గానుగెద్దు తిరుగుడు. షేల్ బావి మొదటి ఏడాదిలోనే 60, 70 శాతం పడిపోతుంది. నిన్నటి ఉత్పత్తి నిలబెట్టడానికే ఇవాళ కొత్త బావి తవ్వాలి, పెంచాలంటే ఇంకా ఎక్కువ తవ్వాలి. కొత్త బావి గిట్టుబాటు కావాలంటే బ్యారెల్‌కి సుమారు 65 డాలర్లు రావాలి. అంటే బంకు ధర మరీ తగ్గిందా, రిగ్గులు (బావి తవ్వే యంత్రాలు) ఆగుతాయి. "ఎక్కువ తీస్తాం, చవగ్గా ఇస్తాం" అని ఏ నాయకుడు మైకు పట్టుకున్నా నాకు ఒళ్లు మండేది అందుకే. ఆ రెండూ కలిసి ఎక్కువ కాలం నడవవు.

2020 ఏప్రిల్ 20 సోమవారం. స్క్రీన్ మీద ధర సున్నా దాటి కిందకి పోతుంటే మా గదిలో ఎవరూ మాట్లాడలేదు, మైనస్ 37.63 దగ్గర ఆగింది. ఆ వారంలోనే మా కంపెనీ సగం మందిని ఫోన్లోనే తీసేసింది, అందులో నేనూ ఉన్నాను. ముందు నెల దాకా ఇంటి అద్దె దొరకని ఊళ్లో వీధంతా "అద్దెకు" బోర్డులే. ఇసుక బండ్లు ఖాళీ స్థలంలో వరుసగా నిలిపేసి ఉండేవి, టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది.

ఇంకో మాట. ఒబామా హయాంలో ఉత్పత్తి పెరిగింది, ట్రంప్ హయాంలో 2019లో రికార్డు, బైడెన్ హయాంలో 2023లో మళ్లీ రికార్డు. ముగ్గురి విధానాలూ ఒకటేనా? కాదు. నాలుగింట మూడు వంతుల చమురు ప్రైవేటు, రాష్ట్రాల భూముల్లోంచే వస్తుంది. అక్కడ రిగ్గు దించేది ధర, బ్యాంకు, వాటాదారుడు. 2020లో చేతులు కాల్చుకున్న వాటాదారులు ఆ తర్వాత తవ్వకం కంటే డివిడెండే అడిగారు. అందుకే 2022లో వైట్‌హౌస్ బతిమాలినా గబగబా పెంచలేదు, చివరికి ప్రభుత్వం దాచిన అత్యవసర వ్యూహాత్మక నిల్వల నుంచి 18 కోట్ల బ్యారెళ్లు వదలాల్సొచ్చింది.

నీలాకాశం

ఎవరూ ఎత్తని మాట ఒకటి. పర్మియన్‌లో బ్యారెల్ చమురుతో పాటు మూడు నాలుగు బ్యారెళ్ల ఉప్పునీళ్లు పైకి వస్తాయి, వాటిని మళ్లీ భూమిలోకే ఎక్కిస్తారు. ఓక్లహోమాలో అలా ఎక్కించే 2016లో పానీ అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో భూకంపం తెచ్చుకున్నారు. కంపెనీలు మూతపడ్డాక గాలికొదిలేసిన బావులు మూయడానికి 2021లో కాంగ్రెస్ 470 కోట్ల డాలర్లు కేటాయించింది, అది పన్ను కట్టేవాళ్ల డబ్బు. లాభాల లెక్క వేసేటప్పుడు ఇది కూడా కలపండి.

తూర్పుతీరం

ఎగుమతి నిషేధం విషయంలో నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను, కోడలుగారు చెప్పిన 2012 సంగతి నేను ఆలోచించలేదు. కానీ అసలు ప్రశ్న పోలేదు. ధర తగ్గదంటున్నారు, సరే. మరి ఈ చమురులో మామూలు జనం వాటా ఏది?

ఇసుకబండి

అన్నా, రాయల్టీ చూడు, అంటే తీసిన చమురు విలువలో భూమి యజమానికి కట్టే వాటా. టెక్సస్‌లో యూనివర్సిటీ భూముల్లో తవ్వితే 25 శాతం రాయల్టీ కట్టాలి, 1923లో శాంటా రీటా బావి పడ్డప్పటి నుంచి ఆ డబ్బు పెద్ద నిధిగా పెరిగి కాలేజీలను పోషిస్తోంది. సరిహద్దు అవతల న్యూమెక్సికోలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల రాయల్టీలో దాదాపు సగం రాష్ట్రానికి వస్తుంది, అక్కడ డెమోక్రాట్ గవర్నర్ కూడా చమురు జోలికి పోరు, ఎందుకంటే స్కూళ్లు దాని మీదే నడుస్తాయి. మరి అందరిదీ అయిన ఫెడరల్ భూమికి ఎంత అడుగుతున్నాం? 1920 నుంచి 12.5 శాతం. 2022లో 16.67కి పెంచారు, 2025లో మళ్లీ 12.5కి దించేశారు. అదే రాతి పొర, అదే రిగ్గు, కంచెకి ఇటు 25, అటు 12.5. నాకు కోపం ఇక్కడే.

లెక్కలపిచ్చి

పెంచితే ఫెడరల్ భూములు వదిలేసి ప్రైవేటు భూముల్లోకి పోతారని కంపెనీలు అంటాయి కదా?

ఇసుకబండి

మంచి రాయి ఎక్కడుంటే అక్కడికే పోతారు. న్యూమెక్సికో వైపు బావులు బలంగా ఉంటాయి, 25 అడిగినా రిగ్గు దిగుతుంది. తూర్పుతీరం అన్నా, మీ సెనేటర్‌కి ఉత్తరం రాస్తే ఎగుమతి గురించి కాకుండా ఈ 12.5 గురించి రాయి.