పేషెంట్లు టీకా వద్దంటే డాక్టర్ బోనస్ ఆపొచ్చా? టెక్సస్ చట్టం తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా అక్క చిన్నపిల్లల క్లినిక్ నడుపుతోంది. బిల్లింగ్ నేను చూస్తాను. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ, క్లినిక్ పనితీరు చూసి ఇచ్చే క్వాలిటీ బోనస్‌ని ఈసారి ఆపేసింది. రిపోర్టులో కారణం ఒక్క లైనే: టీకాల శాతం తక్కువ. ఇన్సూరెన్స్ ప్లాన్లలో వైద్యం నాణ్యతని లెక్కగట్టే హెడిస్ (HEDIS) కొలమానంలోని ‘కాంబో 10’ ప్రకారం రెండో పుట్టినరోజుకల్లా పది రకాల టీకాలూ పూర్తవ్వాలి. రెండు ఫ్లూ డోసుల్లో ఒకటి తగ్గినా ఆ బిడ్డకి మార్కు రాదు. తల్లిదండ్రులు వద్దని సంతకం పెట్టిచ్చినా అంతే.

అక్క ప్రతి కుటుంబానికీ ఓపిగ్గా నచ్చజెబుతుంది. 2025లో వెస్ట్ టెక్సస్‌లో మీజిల్స్‌తో ఇద్దరు పిల్లలు పోయినప్పటి నుంచి ఇంకా ఎక్కువ చెబుతోంది. అయినా వద్దన్నవాళ్లని వదిలించుకోవడం తనకి ఇష్టం లేదు, నాకూ అది అన్యాయమే అనిపిస్తుంది. పైగా మెడికెయిడ్, చిప్ (తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లు) ఉన్న పిల్లల్ని టీకా లేదని తిప్పి పంపకూడదని 2023లో ఇక్కడ చట్టమే వచ్చింది.

మరి ప్రైవేట్ ప్లాన్లు ఈ కారణంతో డబ్బు ఆపకూడదని టెక్సస్‌లో గానీ, వేరే రాష్ట్రంలో గానీ చట్టం ఉందా? నిరాకరించినవాళ్లని లెక్కలోంచి తీసేసేలా కాంట్రాక్టు మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేస్తే పనవుతుందా, లేక ముందు లాయర్‌ని కలవాలా?