ఇంప్లాంట్‌కి ఒకరు 18 వేలంటారు, ఒకరు 58 వేలంటారు. అసలు రేటు ఎంత?

ఖమ్మంవాసి:
పొద్దున్నుంచీ ఇదే పని. ఫోన్లు చేసీ చేసీ, వీడియోలు చూసీ చూసీ తల వాచిపోయింది. పంటి ఇంప్లాంట్ రేటు ఎంతో ఒక్కరూ సూటిగా చెప్పరు. ఇక్కడ ఖమ్మంలో ఒకాయన 18 వేలన్నారు. విజయవాడలో 32 వేలు. హైదరాబాద్‌లో 58 వేలు, పైగా అన్నీ కలిపి కాగితం మీద 1,40,000 వేసిచ్చారు. ఒకే పని, ఒకే టైటానియం స్క్రూ, మూడు ఊళ్లలో మూడు రేట్లు ఏమిటండీ? ఎవరు మోసం చేస్తున్నారో చెప్పండి. ఆరోగ్యశ్రీలో వస్తుందా? ఈఎంఐ తీసుకోవచ్చా? సోమవారంలోగా అడ్వాన్స్ కడితే ఆఫర్ అంటున్నారు. కాస్త త్వరగా చెప్పండి.

పెరియో_ఎండీఎస్:
ఎన్ని పళ్లు? పైవా, కిందివా? వయసు? షుగర్ ఉందా? పళ్లు తీసి ఎన్నాళ్లయింది? వాడే మందులు?

వేపపుల్ల:
అసలు ఆ పన్ను ఎందుకు పీకించారో ముందు అది చెప్పండి. మన జనానికి ఇదొక జబ్బు. నొప్పి వస్తే మాత్ర, తగ్గకపోతే పీకుడు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పదో పదిహేనో వేలతో సొంత పన్ను నిలబడేది. నాకు 58 ఏళ్లు, అన్నీ సొంత పళ్లే. చెరుకు ముక్క కూడా నోటితోనే చీలుస్తాను. రోజూ పొద్దున వేపపుల్ల, వారానికోసారి ఉప్పు, ఆవనూనె.

ఖమ్మంవాసి:
@వేపపుల్ల పీకి ఏళ్లు గడిచాయి సార్, ఇప్పుడు ఆ ముచ్చట ఎందుకు? నేనడిగింది రేటు.

దంతపురి:
నేను క్యాప్‌లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్‌ని కాదు, కాబట్టి డబ్బుల సంగతి వరకే చెబుతా. ముందు ఖమ్మం ఆయనకి మళ్లీ ఫోన్ చేసి ఒక్క మాట అడగండి. 18 వేలు దేనికి? ఎముకలో దిగే స్క్రూకి మాత్రమేనా? దాని మీద బిగించే అబట్‌మెంట్, ఆ పైన వేసే క్యాప్ కలిపా? మన దగ్గర ఈ మూడింట్లో ఏది చెప్పినా ‘ఇంప్లాంట్ రేటే’ అంటారు. ఒకరు మొదటిది చెబుతారు, ఇంకొకరు మూడూ కలిపి చెబుతారు. మీరేమో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు.

రెండోది కంపెనీ. కొరియా వాళ్ల ఆస్టెమ్, డెంటియమ్, ఇజ్రాయెల్ వాళ్ల ఆల్ఫా బయో, అడిన్ ఒక ధర. స్విట్జర్లాండ్ స్ట్రామన్, అలాగే నోబెల్ బయోకేర్ ఇంకో ధర. హైదరాబాద్ కాగితం మీద ఏ పేరు రాశారో చూడండి.

పెరియో_ఎండీఎస్:
నేనడిగినవాటికి జవాబు రాలేదు.

ఖమ్మంవాసి:
@పెరియో_ఎండీఎస్ సారీ సార్. పళ్లు నాకు కాదు, అమ్మకి. వయసు 61. కింద కుడివైపు రెండు దంతాలు, నమిలేవి. తీసి ఆరేడేళ్లు అయి ఉంటుంది. షుగర్ ఉంది, కంట్రోల్‌లోనే ఉంది.

@దంతపురి ఫోన్ చేశాను. మీరన్నదే నిజం. 18 వేలు స్క్రూకే అట. అబట్‌మెంట్ 5 వేలు, క్యాప్ 7 వేలు విడిగా. అంటే పన్నుకి 30 వేలు. ఆ మాట ముందే చెప్పడానికి ఏం పోయింది వాళ్లకి? హైదరాబాద్ కాగితంలో 58 వేల చొప్పున రెండు, అంటే 1,16,000. బోన్ గ్రాఫ్ట్ (ఎముక తక్కువైన చోట నింపడమట) 18,000, స్కాన్ 2,500, ‘సర్జికల్ కిట్ అండ్ స్టెరిలైజేషన్’ 3,500. కంపెనీ పేరు లేదు, ‘స్విస్ ప్రీమియం’ అని మాత్రం ఉంది.

దంతపురి:
‘స్విస్ ప్రీమియం’ అనే కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. పేరు, మోడల్ రాసిమ్మనండి. ఒరిజినల్ ఇంప్లాంట్ పెట్టె లోపల స్టిక్కర్లు ఉంటాయి, వాటి మీద రిఫరెన్స్ నంబరు, లాట్ నంబరు. ఒకటి కేస్ షీట్‌లో అంటిస్తారు, ఒకటి పేషెంట్‌కి ఇవ్వాలి. పదేళ్ల తర్వాత స్క్రూ వదులైతే ఏ కంపెనీదో తెలియక మా ల్యాబ్‌కి ఎక్స్‌రే ఫొటో పంపి ‘ఇదేమిటో చెప్పండి’ అంటుంటారు. ఒక కంపెనీ స్క్రూకి ఇంకో కంపెనీ డ్రైవర్ అన్నిసార్లూ పట్టదు. అంతా ఊహే.

అబట్‌మెంట్ కంపెనీదా, ‘కంపాటిబుల్’ అనే బయట సరుకా అన్నది కూడా అడగండి. స్క్రూ కంపెనీదే వేసి అబట్‌మెంట్ దగ్గర మిగుల్చుకునేవాళ్లు ఉన్నారు. 7 వేల క్యాప్ అంటే మెటల్ మీద పింగాణీ అయి ఉంటుంది. విజయవాడ వాళ్లది జిర్కోనియా అయితే 32 వేలకీ, ఖమ్మం 30 వేలకీ అసలు తేడా లేదన్నట్టే.

గోదారిగట్టు:
జిర్కోనియా అంటే అంత ఖరీదు దేనికి? పింగాణీ ముక్కే కదా.

దంతపురి:
ముక్కే. కానీ సుద్దముక్కలా మెత్తగా ఉండే దిమ్మని మిల్లింగ్ మెషీన్ చెక్కుతుంది. కావలసిన సైజు కంటే పెద్దగా చెక్కాలి. తర్వాత కొలిమిలో 1500 డిగ్రీల దగ్గర కాలిస్తే దాదాపు అయిదో వంతు కుంచించుకుపోయి అసలు సైజుకి వస్తుంది. ఆ లెక్క కొంచెం తప్పినా క్యాప్ కూర్చోదు, మళ్లీ మొదటికి. దిమ్మ ఏ కంపెనీదన్నదాన్ని బట్టి 5 ఏళ్లు, 10 ఏళ్లు, 15 ఏళ్లు అని వారంటీ కార్డు వస్తుంది. అది క్యాప్‌కి మాత్రమే, కింది స్క్రూకి కాదు.

డల్లాస్‌మామ:
ఇక్కడ ఒక్క పన్నుకి 4 వేల డాలర్లు అడిగారు. ఇన్సూరెన్స్ ఇచ్చేది అంతంతమాత్రం. రెండేళ్ల క్రితం హైదరాబాద్ వచ్చినప్పుడు వేయించుకున్నాను, లైఫ్‌టైమ్ గ్యారంటీ కూడా ఇచ్చారు. 58 వేలు పెద్ద రేటేం కాదు తమ్ముడూ, కళ్లు మూసుకుని వేయించు.

దంతపురి:
గ్యారంటీ కాగితం ఒకసారి చదివారా? కంపెనీ ఇచ్చేది స్క్రూ ఫెయిలైతే ఇంకో స్క్రూ. మళ్లీ సర్జరీ, గ్రాఫ్ట్, కొత్త క్యాప్ ఎవరి ఖాతాలో?

డల్లాస్‌మామ:
మా డాక్టర్ అన్నీ ఫ్రీ అన్నాడు.

దంతపురి:
అన్నాడా, రాసిచ్చాడా?

డల్లాస్‌మామ:
ప్రతిదానికీ అనుమానమైతే ఎలా బాబూ. నమ్మకం అనేది ఒకటి ఉంటుంది.

లెక్కలమాస్టారు:
గ్యారంటీ గొడవ తర్వాత. డబ్బు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆరోగ్యశ్రీలో ఇంప్లాంట్ రాదు. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లోనూ పంటి వైద్యం ఉండదు, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. కొన్ని కంపెనీల గ్రూప్ పాలసీల్లో ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) కింద కొంత ఇస్తారు. మీ హెచ్ఆర్‌ని అడగండి.

ఈఎంఐ సంగతి. ‘వడ్డీ లేదు’ అంటారు, సరే. ‘మొత్తం ఇప్పుడే కడితే ఎంత తగ్గిస్తారు’ అని అడిగారా?

ఖమ్మంవాసి:
అడిగాను సార్. 8 శాతం తగ్గిస్తామన్నారు. అది ఆఫర్ కదా?

లెక్కలమాస్టారు:
అదే వడ్డీ. 1,40,000లో 8 శాతం అంటే 11,200. ఇవాళ కడితే 1,28,800, పన్నెండు వాయిదాల్లో అయితే 1,40,000. అప్పు నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే ఏడాదికి దాదాపు 16 శాతం పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. మీ బ్యాంకులో బంగారం మీద ఇంతకంటే తక్కువకే ఇవ్వవచ్చు, కనుక్కోండి. ఇంకోటి. ఈఎంఐ పెట్టగానే డబ్బు మొత్తం మొదటి రోజే క్లినిక్ ఖాతాలో పడుతుంది. స్క్రూ ఎముకకి అతుక్కోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, క్యాప్ వేసేది ఆ తర్వాతే. ఈలోగా ఏదైనా తేడా వస్తే మీరు గట్టిగా మాట్లాడటానికి చేతిలో ఏం మిగులుతుంది? నేనైతే స్క్రూ వేసిన రోజు సగం, క్యాప్ వేసిన రోజు సగం అని అడుగుతాను.

60 దాటిన తల్లిదండ్రులకి ఆరోగ్య బీమా లేకపోతే వైద్య ఖర్చు 50,000 వరకు ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపించుకోవచ్చు. నగదు కాకుండా కట్టాలి, బిల్లు ఉండాలి.

ఖమ్మంవాసి:
నాది కొత్త ట్యాక్స్ విధానం సార్.

లెక్కలమాస్టారు:
అయితే లాభం లేదు. పాత దానిలోనే. ఎవరూ లెక్క వేసుకోకుండా కొత్తదానిలోకి దూకేశారు. ఇంటి లోను ఉన్నవాళ్లు, పిల్లల ఫీజులు కట్టేవాళ్లు ఒక్కసారి...

అడ్మిన్:
మాస్టారూ, ట్యాక్స్‌కి వేరే చర్చ ఉంది. అక్కడ పెట్టండి.

ఖమ్మంవాసి:
బిల్లు అంటే గుర్తొచ్చింది. ఖమ్మంలో ‘బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పడుతుంది’ అన్నారు.

లెక్కలమాస్టారు:
పడదు. వైద్య సేవకి జీఎస్టీ మినహాయింపు ఉంది. అందం కోసం చేసే వాటికి ఆ మినహాయింపు లేదు, కానీ ఊడిన దంతం పెట్టించుకోవడం అందం పని కాదు. బిల్లు ఇవ్వనివాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి.

గోదారిగట్టు:
మూడు రోజుల్లో పళ్లు అని హైదరాబాద్‌లో బోర్డులు చూశాను. ఆరు నెలలు ఎందుకు ఆగడం? బేసల్ ఇంప్లాంట్లట, దవడ అడుగున ఉండే గట్టి ఎముకలో దించుతారట, షుగర్ ఉన్నా పర్లేదట, గ్రాఫ్ట్ కూడా అక్కర్లేదట.

పెరియో_ఎండీఎస్:
రెండు దంతాల కేసుకి అంత తొందర దేనికి? ‘షుగర్ ఉన్నా పర్లేదు’ అన్న మాట వింటే లేచి వచ్చేయండి.

డల్లాస్‌మామ:
మా బావగారికి బేసలే వేశారు, నాలుగేళ్లుగా బ్రహ్మాండంగా ఉన్నాడు.

వేపపుల్ల:
ఒక్క బావగారిని చూసి ఊరందరికీ చెప్పేస్తే ఎలా?

డల్లాస్‌మామ:
మీరు మీ ఒక్క నోరు చూసి వేపపుల్ల చెప్పలేదా?

నల్గొండపోరడు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా నాయనకి కింద అసలు పళ్లే లేవు, సెట్టు నిలబడతలేదు, అన్నం తింటుంటే లేస్తోంది. మొత్తం ఇంప్లాంట్లు వేయిస్తే అయిదు లక్షలంటున్నారు. చౌకగా ఏమైనా ఉందా?

పెరియో_ఎండీఎస్:
ఉంది. కింద దవడ ముందుభాగంలో రెండే ఇంప్లాంట్లు వేసి, సెట్టుని వాటికి బటన్ నొక్కినట్టు తగిలించవచ్చు. కింది దవడ మొత్తం ఖాళీ అయినవాళ్లకి మొదటి ఎంపిక ఇదే కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు కూర్చుని తేల్చారు. మన దగ్గర ఎవరూ ముందుగా చెప్పరు, అయిదు లక్షల దగ్గరే మొదలుపెడతారు. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనో, మీకు దగ్గర్లో ఉన్న ఏ డెంటల్ కాలేజీలోనో ప్రోస్తో (కట్టుడు పళ్ల) విభాగంలో అడగండి. పీజీ విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్లు పక్కనే ఉంటారు. బయటకంటే ఖర్చు తక్కువ, తిరగడం ఎక్కువ.

@ఖమ్మంవాసి మీ ఊళ్లోనే డెంటల్ కాలేజీ ఉంది. వెళ్లారా? మందుల గురించి రెండుసార్లు అడగలేను.

ఖమ్మంవాసి:
కాలేజీకి వెళ్లలేదు, స్టూడెంట్లు చేస్తారని అమ్మకి భయం. మందులంటే షుగర్ మాత్ర, బీపీ మాత్ర. ఇంకేం లేవు. ఆఁ, ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి చేతికి సెలైన్‌లా ఎక్కించే ఇంజెక్షన్ ఒకటి. మోకాళ్ల డాక్టర్ రాశారు. అది పళ్లకి సంబంధం లేదు కదా.

పెరియో_ఎండీఎస్:
ఉంది. పేరు చూడండి. జోలెడ్రోనిక్ యాసిడ్ అని ఉందా?

ఖమ్మంవాసి:
అవును సార్, చీటీ మీద అదే ఉంది. మూడు సార్లు ఎక్కించారు. ఎందుకు?

పెరియో_ఎండీఎస్:
సోమవారం అడ్వాన్స్ ఆపండి. ఈ మందు ఎముక అరిగే వేగాన్ని తగ్గిస్తుంది. దాంతో పాటే దవడ ఎముకలో గాయం మానడం కూడా మందగించవచ్చు. అరుదుగా పన్ను తీసినచోటో, ఇంప్లాంట్ వేసినచోటో ఎముక చిగురులోంచి బయటికి కనిపిస్తూ నెలలు గడిచినా మానదు. ఎముకల గుల్లతనానికి ఇచ్చే డోసులో ఈ ప్రమాదం తక్కువే. క్యాన్సర్‌కి ఎక్కువ డోసు, తరచుగా ఇస్తారు, అసలు భయం అక్కడ. మీ అమ్మగారికి ఇంప్లాంట్ వేయకూడదని కాదు. కానీ వేసేవాడికి ఇది తెలియాలి, షుగర్‌తో కలిపి ఆలోచించాలి, మీ మోకాళ్ల డాక్టర్‌తో మాట్లాడాలి. మందు మీరే ఆపేయకండి, అది ఇంకో పొరపాటు. ఆ మూడు చోట్లా ఎవరైనా దీని గురించి అడిగారా?

ఖమ్మంవాసి:
ఎవరూ అడగలేదు సార్. హైదరాబాద్‌లో ఒక ఫారం ఇచ్చారు, రిసెప్షన్‌లో అమ్మాయే అన్నిటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టేసి సంతకం చేయమంది.

దంతపురి:
అదీ సంగతి.

పెరియో_ఎండీఎస్:
హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) చేయించండి, ‘కంట్రోల్‌లో ఉంది’ అన్న మాట చాలదు. తర్వాత సీబీసీటీ స్కాన్, అంటే దవడకి తీసే 3డీ స్కాన్. గ్రాఫ్ట్ అవసరమో లేదో ఆ స్కాన్ చూశాక చెప్పాలి. స్కాన్ తీయకుండానే కాగితం మీద 18 వేల గ్రాఫ్ట్ ఎలా వేశారో నాకు అర్థం కాలేదు. ఇంప్లాంట్ వద్దనుకుంటే తీసి పెట్టుకునే పన్ను ఉంది, కొన్ని వేలలో అయిపోతుంది.

గోదారిగట్టు:
అటూ ఇటూ ఉన్న పళ్లకి ఆనించి బ్రిడ్జి వేయొచ్చు కదా?

పెరియో_ఎండీఎస్:
చివరి రెండు దంతాలూ పోతే వెనక ఆనుకోవడానికి పన్ను ఉండదు. జ్ఞానదంతం గట్టిగా ఉంటే వేరే మాట.

వేపపుల్ల:
రాగిజావ తాగే రోజుల్లో ఈ ఇంజెక్షన్లు ఎక్కడివి?

అడ్మిన్:
చర్చ దారి తప్పుతోంది.

ఖమ్మంవాసి:
అప్‌డేట్. హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది. ముందు అది తగ్గించమన్నారు, పళ్ల సంగతి మూడు నెలల తర్వాత చూద్దామన్నారు. ఇంజెక్షన్ సంగతి చెబితే విజయవాడ డాక్టర్ చీటీలన్నీ పంపమన్నారు. హైదరాబాద్ వాళ్లు ఆఫర్ అయిపోతోందని ఇంకా ఫోన్ చేస్తున్నారు. థాంక్స్ అందరికీ.

దంతపురి:
విజయవాడ వాళ్లు ఏ కంపెనీ అన్నారు? క్యాప్ జిర్కోనియానేనా?

నల్గొండపోరడు:
సార్, ఆ రెండు ఇంప్లాంట్ల సెట్టుకి మొత్తం ఎంతవుతుంది? పాత సెట్టునే వాడొచ్చా, కొత్తది చేయించాలా?