వీలునామాలో పేరు లేకపోతే కొడుకు కాదా? (వర్జీనియా, 1748)

గోచ్‌లాండ్_కోడలు:

అందరికీ నమస్కారం. మా ఆయన అమెరికన్. వాళ్ళ పూర్వీకులది వర్జీనియాలో గోచ్‌లాండ్ కౌంటీ. మామగారికి ఎనభై ఒకటి నడుస్తోంది, చూపు ఆనక పాత కాగితాల పని నా నెత్తిన పడింది. వంశవృక్షంలో ఎనిమిదో తరం దగ్గర ఒక ప్రశ్నార్థకం ఉంది. దాన్ని తీసెయ్యచ్చా కూడదా అన్నదే నా ప్రశ్న.

పేర్లు మార్చి చెప్తాను. తండ్రి అనుకుంటున్న పెద్దాయన జాన్, మా మనిషి విలియం. (ఆ కాలం వర్జీనియాలో రాయి విసిరితే జాన్‌కో విలియంకో తగిలేది, మార్చినా పెద్ద తేడా ఏమీ లేదు.)

జాన్‌కి 1732లో 400 ఎకరాల పేటెంట్ వచ్చింది, అంటే రాజు పేరు మీద గవర్నర్ ఇచ్చిన పట్టా. 1748 డిసెంబరులో వీలునామా రాశాడు. భార్యకి ఇల్లు, ఇద్దరు కొడుకులకి చెరో వంద ఎకరాలు, కూతుళ్ళకి ఆవులూ పరుపులూ. విలియం ఊసే లేదు. తీరా చూస్తే 1755లో విలియం అదే వాగు పక్కన 200 ఎకరాలు అమ్మాడు. దాన్ని అతను కొన్న దస్తావేజు లేదు, అతని పేర పేటెంటూ లేదు. మరి ఎక్కడిదా భూమి?

ఇంకో టెన్షన్. వీలునామా రాసింది 1748 డిసెంబరు, కోర్టులో రుజువైంది (అంటే ఆయన పోయాక అది అసలైనదేనని కోర్టు ఒప్పుకున్నది) 1748 ఫిబ్రవరి అని పుస్తకంలో ఉంది. రాయకముందే రుజువెలా అయిందో అర్థం కాలేదు.

మిడ్లోథియన్_మూర్తి:

తేదీతో కంగారు పడకండి. 1752 దాకా ఇంగ్లీషు వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1748 డిసెంబరు తర్వాత వచ్చిన ఫిబ్రవరి కూడా వాళ్ళ లెక్కలో 1748లోనిదే, మన లెక్కలో 1749. జార్జ్ వాషింగ్టన్ పుట్టింది అప్పటి లెక్కలో 1731 ఫిబ్రవరి 11, ఇప్పుడు మనం చెప్పుకునేది 1732 ఫిబ్రవరి 22. ఇలాంటి చోట 1748/49 అని రెండూ రాసుకోండి.

అసలు ప్రశ్నకి వస్తే, తీసెయ్యద్దు. మీ దగ్గర ఉన్నది ఒకే ఇంటిపేరు, ఒకే వాగు. అన్నదమ్ములు పక్కపక్కన పట్టాలు తీసుకోవడం అక్కడ మామూలే, అందుకని తమ్ముడి కొడుకైనా కావచ్చు. ఆన్‌లైన్‌లో నలభై వంశవృక్షాలు ఇతన్ని జాన్ కొడుకనే చెప్తుంటాయి, నాకు తెలుసు. నలభై చెట్లూ ఒక్క గింజవే. ఒకరు రాశారు, మిగతావాళ్ళు ఎక్కించుకున్నారు.

దస్తావేజు_తాత:

మా అబ్బాయి దగ్గరికి రిచ్మండ్ వచ్చి ఆరు నెలలైంది. తెనాలిలో ముప్ఫై ఏళ్ళు దస్తావేజులు రాసి పొట్ట పోసుకున్నవాణ్ణి. ఈ అమెరికా చట్టం నాకు కొత్తేగానీ కాగితం కొత్త కాదు.

అమ్మాయీ, వీలునామా అనేది పిల్లల హాజరు పట్టీ కాదు. చచ్చేనాటికి ఇంకా ఇవ్వాల్సింది ఎవరికో వాళ్ళ పేర్లే అందులో ఉంటాయి. మా వైపు పెద్దపిల్లకి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఎకరం రాసిచ్చేస్తారు. పదేళ్ళకి పంపకాల కాగితం రాసేటప్పుడు ఆ పిల్ల పేరు రాదు. అంతమాత్రాన ఆ ఇంటి పిల్ల కాకుండా పోయిందా? వర్జీనియా వీలునామాల్లో కొందరికి ఒక్క షిల్లింగు ఇచ్చి ఊరుకోవడం చూశాను. తండ్రికి కోపం వచ్చి అలా రాశాడని అందరూ కథలల్లుతారు. చాలాసార్లు వాడి వాటా వాడికి ముందే ముట్టిందని అర్థం, అంతే.

నాలుగు వందల్లో రెండు వందలే పంచాడన్నావు. మిగతా రెండు వందలూ ఎవరికని రాశాడు?

గోచ్‌లాండ్_కోడలు:

ఎవరికీ రాయలేదు తాతగారూ. చివర్లో "మిగిలిన సామాను" అని ఉంది, అది భార్యకి. భూమి ప్రస్తావన లేదు.

దస్తావేజు_తాత:

అదీ సంగతి. అయితే నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. వర్జీనియాలో వీలునామాలో రాయని భూమి అప్పట్లో ఎవరికి పోయేదో మూర్తిగారిని చెప్పమను.

మిడ్లోథియన్_మూర్తి:

నా చేతే చెప్పిస్తున్నారా! సరే. పెద్దకొడుకుకి. రాయకుండా పోయిన భూమి మొత్తం చట్టరీత్యా పెద్దకొడుకుదే, తమ్ముళ్ళకి సెంటు కూడా రాదు. 1785లో చట్టం మార్చారు, అది అమల్లోకి వచ్చింది 1787లో. న్యూ ఇంగ్లండ్ పద్ధతి వేరు. మసాచుసెట్స్‌లో బైబిల్ ప్రకారం పెద్దవాడికి రెండు వాటాలు, మిగతా పిల్లలకి తలా ఒకటి. కాబట్టి ఏ కాలనీయో చూసుకోకుండా తీర్పు చెప్పకూడదు.

దీన్నిబట్టి తాతగారి వాదన ఏమిటంటే, చట్టమే పెద్దకొడుక్కి ఇచ్చేస్తున్నప్పుడు వీలునామాలో అతని పేరు రాసే అవసరం జాన్‌కి లేదు. విలియం దస్తావేజు లేకుండా అమ్మగలిగాడంటే వారసత్వంగా వచ్చింది కాబట్టే. వినడానికి బాగుంది. కానీ మూడు చిల్లులున్నాయి. ఒకటి, విలియం అమ్మిన 200 ఎకరాలు జాన్ పేటెంట్‌లోవేనని ఎవరు చూశారు? వాగు పొడుగునా పదిమంది ఉంటారు. రెండు, పెద్దకొడుకు తండ్రికంటే ముందే చనిపోయుంటే అతని కొడుకు వారసుడవుతాడు. అప్పుడు విలియం మనవడు. మూడు, జాన్ బతికుండగా రాసిచ్చిన కాగితం రిజిస్టరు కాకుండా పోయుండచ్చు. అలాగైతే విలియం ఎవరైనా కావచ్చు, అల్లుడి తమ్ముడైనా సరే.

షార్లట్_శ్రీను:

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. అదే పేరున్న విలియం 1653లో ఒక పేటెంట్‌లో ఓడ దిగినట్టు ఉంది. వంశం అక్కడి నుంచే మొదలైందని పెట్టేసుకోవచ్చు కదా?

మిడ్లోథియన్_మూర్తి:

శ్రీనూ, వద్దు. అది హెడ్‌రైట్ జాబితా. మనిషిని ఓడలో తెచ్చిన ఖర్చు ఎవరు పెట్టుకుంటే వాళ్ళకి తలకి 50 ఎకరాలు. ఆ హక్కుని అమ్ముకునేవారు, కొనుక్కునేవారు, ఒకే తలని రెండుసార్లు చూపించినవాళ్ళూ ఉన్నారు. పేటెంట్ తేదీ ఓడ దిగిన తేదీ కాదు. ఆ విలియం వచ్చిన మొదటి వేసవిలోనే జ్వరంతో పోయాడో, వందమందికి తాత అయ్యాడో ఆ కాగితం చెప్పదు.

దస్తావేజు_తాత:

మూర్తిగారి మొదటి చిల్లు పూడ్చడం తేలిక. అమ్మాయీ, చెక్కుబందీ చూశావా? మనం తూర్పు ఫలానా వారి పొలం, పడమర పుంత అని నాలుగు వైపులా రాస్తాం కదా. వీళ్ళు తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలెట్టి, ఇన్ని డిగ్రీల దిక్కుకి ఇన్ని పోళ్ళు, అక్కడ హికరీ చెట్టు, అని చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి చెట్టు దగ్గరికి వస్తారు. పోల్ అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పోళ్ళు ఒక గొలుసు, 66 అడుగులు. మా సర్వేయర్లు లాగినదీ ఆ గొలుసే, అందుకే నాకు ఈ లెక్క పరాయిగా అనిపించలేదు. 160 చదరపు పోళ్ళు ఎకరం. గ్రాఫు కాగితం, కోణమానిని తెచ్చుకుని జాన్ పేటెంట్ గీయి. దాని మీద కొడుకుల ముక్కలు పెట్టు, ఆ తర్వాత విలియం ముక్క పెట్టు.

ఇంకో మాట. 1755 అమ్మకంలో ఆడవాళ్ళు ఎవరెవరు హక్కు వదులుకున్నారో చూడు. భర్త భూమిలో భార్యకి బతికినంతకాలం మూడో వంతు హక్కు, డవర్ అంటారు. కొనేవాడు ఆ హక్కు వదిలించుకోకుండా డబ్బివ్వడు. దస్తావేజులో కనబడకపోతే ఆ నెల కోర్టు ఆర్డర్ పుస్తకంలో ఉంటుంది.

తులసి_అట్లాంటా:

అక్కా, ఒక చిన్న సలహా. చర్చి రికార్డులు వదిలెయ్యకండి. ఆ ప్రాంతపు పాస్టర్ విలియం డగ్లస్ 1750 నుంచి బాప్టిజాలూ పెళ్ళిళ్ళూ రాసిన రిజిస్టరు ఉంది. మీ విలియం పుట్టుక అందులో ఉండకపోవచ్చు, కానీ పిల్లలవి దొరకచ్చు. పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) పెద్దలు నాలుగేళ్ళకోసారి ఇరుగుపొరుగుని తీసుకెళ్ళి గట్ల వెంట నడిపించి, ఎవరి భూమి ఎవరి పక్కనో రాయించేవాళ్ళు. అది దొరికితే అదృష్టమే.

మీకు గోచ్‌లాండ్ పుస్తకాలు మిగిలాయి, సంతోషించండి. హనోవర్ కౌంటీ వాళ్ళని అడిగితే తెలుస్తుంది. భద్రంగా ఉంటాయని రిచ్మండ్‌కి పంపిన పుస్తకాలు 1865 ఏప్రిల్‌లో నగరంతోపాటు కాలిపోయాయి.

గోచ్‌లాండ్_కోడలు:

పది రోజుల తర్వాత వస్తున్నాను. భోజనాల బల్ల నిండా కాగితాలే, ఆదివారం అందరం సోఫాలో ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.

జాన్ పేటెంట్ గీశాను. పొడుగు 320 పోళ్ళు, అంటే సరిగ్గా మైలు. వెడల్పు 200. సెంటీమీటరుకి ఇరవై పోళ్ళు వేసుకుంటే కాగితం మీద పదహారు బై పది వచ్చింది. వాగు వైపు కొడుకుల రెండు ముక్కలు కూర్చున్నాయి. విలియం ముక్కని విడిగా ట్రేసింగ్ పేపర్ మీద గీసి, కత్తిరించి, మిగిలిన చోట పెట్టాను. పట్టేసింది! ఒక్క గీత దగ్గర ఆరు పోళ్ళు తేడా. మామగారు భూతద్దం పెట్టుకుని ఆ అంచు మీద వేలు పెట్టి అటూ ఇటూ రెండుసార్లు నడిపించారు, ఏమీ మాట్లాడలేదు.

తాతగారు అన్నట్టే ఆర్డర్ పుస్తకంలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. విలియం భార్య, ఆమెని భర్త లేకుండా చాటుగా అడిగి ఒప్పుకుందని రాశారు. రెండో ఆవిడ జాన్ భార్య, అప్పటికి విధవరాలు.

ఇంకో రెండు దొరికాయి. 1746 పన్ను లెక్కల్లో జాన్ ఇంట్లో విలియం ఉన్నాడు. పదహారు దాటిన మగవాళ్ళనే లెక్కలో వేసేవారు కాబట్టి (బానిసల్లో ఆడవాళ్ళని కూడా) అతను 1730కి ముందే పుట్టాడు. 1740లో ఒక గట్టు తగాదాలో జాన్ సాక్ష్యం చెప్తూ తన వయసు 46 అటూ ఇటూ అన్నాడు.

దస్తావేజు_తాత:

ఆరు పోళ్ళంటే వంద అడుగులు. అడవిలో తుప్పలు నరుక్కుంటూ గొలుసు లాగినవాడికి ఆ మాత్రం తేడా రావడం విచిత్రం కాదు. తెనాలి మాగాణిలో ఆ తేడా వస్తే మాత్రం తలకాయలు పగులుతాయి.

అత్తగారు కూడా వచ్చి హక్కు వదులుకుందంటే ఆ భూమి జాన్‌దే. రెండో ముక్కే లేదు.

మిడ్లోథియన్_మూర్తి:

మొదటి చిల్లు పూడింది, ఒప్పుకుంటున్నాను. "అత్తగారు" అని మాత్రం అప్పుడే అనకండి తాతగారూ, తేలాల్సిందే అది. రెండోది కూడా దాదాపు పూడింది. జాన్ పుట్టింది 1694 ప్రాంతం, విలియం 1730కి ముందు. మధ్యలో ఇంకో తరం పట్టాలంటే ఇద్దరూ పద్దెనిమిదేళ్ళకే తండ్రులవ్వాలి. కుదరదని కాదు, ఆ రోజుల్లో అక్కడి మగవాళ్ళు అంత తొందరగా పెళ్ళాడడం అరుదు. ఒకవేళ మనవడే అయినా మీ వంశం జాన్ దగ్గరికే చేరుతుంది, మధ్యలో ఒక పేరు తెలియనట్టు.

తమ్ముడి కొడుకు అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ సగమే. ఇద్దరు కొడుకులు బతికుండగా తమ్ముడి కొడుకు వారసుడు కాలేడు, అంతవరకు మీదే గెలుపు. తప్పిపోయిన దస్తావేజు సంగతి మాత్రం అలాగే ఉంది. ఇంట్లో పెరిగిన అన్న కొడుక్కో తమ్ముడి కొడుక్కో జాన్ రాసిచ్చి, ఆ కాగితం కోర్టుకి వెళ్ళకపోతే? ఇప్పటిదాకా చూపించినవన్నీ దానికీ సరిపోతాయి. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తామంటారేమో, అది కొడుకునీ తమ్ముడి కొడుకునీ వేరు చేసి చెప్పలేదు. ఇద్దరిదీ ఒకే తాత వై కదా.

దస్తావేజు_తాత:

లేని కాగితం ఉండచ్చు అనుకుంటూ కూర్చుంటే ప్రపంచంలో ఏ వారసత్వమూ తేలదు మూర్తిగారూ. ఆ ఇద్దరు తమ్ముళ్ళూ పక్క పొలంలోనే ఉన్నారు కదా. వీడు వారసుడు కాకుండా 200 ఎకరాలు అమ్ముతుంటే ఊరుకుంటారా? తర్వాత ఇరవై ఏళ్ళ కోర్టు పుస్తకాల్లో ఎవరైనా దావా వేశారేమో చూడమనండి. పక్కనున్నవాడు నోరెత్తకపోవడం కూడా సాక్ష్యమే. మా ఆఫీసు అరుగు మీద నేర్చుకున్నది అదే.

మిడ్లోథియన్_మూర్తి:

ఆ మాట బాగుంది. దావా లేదని తేలితే నేను "దాదాపు ఖాయం" అని రాయడానికి ఒప్పుకుంటాను. ప్రశ్నార్థకం తీసేసి, పక్కన ఇదంతా ఎలా తేల్చారో ఒక పేజీ రాసి పెట్టండి. "రుజువైంది" అన్న ముక్క మాత్రం వాడద్దు.

గోచ్‌లాండ్_కోడలు:

1775 దాకా చూస్తాను. చేతిరాతని కంప్యూటర్ చదివిపెట్టే వెతుకులాట ఫామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో వచ్చాక పని తేలికైంది, కానీ అది మా ఇంటిపేరుని మూడు రకాలుగా తప్పు చదువుతోంది. మామగారికి మూర్తిగారి మాట చెప్పాను. "దాదాపు చాలు, నాకు ఎనభై ఒకటి" అన్నారు.

తులసి_అట్లాంటా:

అక్కా, ఇంకొకటి అడగనా? జాన్ చనిపోయాక ఆస్తి జాబితా రాసి ఉంటారు కదా, పరుపులూ గుర్రాలూ వెల కట్టి. అందులో బానిసల పేర్లున్నాయా? మా ఆయన పూర్వీకులు బానిసలుగా ఉన్నవాళ్ళు, ఆ వైపు మేము 1870 జనగణన దగ్గర ఆగిపోయాం. దానికి ముందు 1850, 1860 బానిసల లెక్కల్లో వయసూ రంగూ ఉంటాయి, పేరుండదు. మావాళ్ళ పేర్లు దొరికితే యజమానుల వీలునామాల్లో, ఇలాంటి జాబితాల్లోనే దొరకాలి. వాళ్ళూ గోచ్‌లాండ్ నుంచే వచ్చారని మా ఆయన నాయనమ్మ అనేది.

గోచ్‌లాండ్_కోడలు:

ఉన్నాయి తులసీ. ఏడు పేర్లు. ఒక పరుపుకీ ఒక ఆడగుర్రానికీ మధ్య వరసలో, పక్కన పౌండ్లూ షిల్లింగులూ. విలియం కోసం వెతుకుతూ ఆ పేజీ రెండుసార్లు తిప్పేశాను, చదవలేదు. ఒక పేరు దగ్గర సిరా పాకింది, సరిగ్గా తెలియడం లేదు. ఈ రాత్రికి ఫొటో పెడతాను. తాతగారూ, ఆ అక్షరం మీరు కూడా ఒకసారి చూడండి.