ఇంజను మారిన అంబాసిడర్‌కి పాత కార్ల వరసలో చోటుందా, లేదా?

గంట్యాడ టాక్సీ:
మొన్న ఆదివారం విజయనగరంలో పాత కార్ల ప్రదర్శనకి మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ టూ తీసుకెళ్ళాను. పొద్దున్నే ఆరున్నరకి చేరి, ముందు వరసలో ఒక తెల్ల ఫియట్‌కీ ఒక స్టాండర్డ్ హెరాల్డ్‌కీ మధ్యన పెట్టాను. తొమ్మిదింటికి ఒక కుర్రాడొచ్చి బోనెట్ ఎత్తమన్నాడు. చూసి, "ఇది డీజిలు కదండీ, ఇంజను మార్చీసారు కదా" అన్నాడు. ఔనన్నాను. పావుగంటలో బండిని వెనక గోడవార, జనం మోటారు సైకిళ్ళు పెట్టుకునే చోటికి పంపించీసారు.

గొడవ పెట్టుకోలేదు. కానీ మనసు చివుక్కుమంది, ఇంకా తేరుకోలేదు.

ఆ బండి మొదట్లో పెట్రోలుదే. 1979లో సెకండ్ హ్యాండులో కొని నాన్న టాక్సీ నడిపారు. లీటరుకి తొమ్మిది వచ్చేది, ఘాట్ ఎక్కితే అదీ లేదు. సాలూరు, పార్వతీపురం కిరాయిలకి పెట్రోలు డబ్బులు పోగా చేతికి మిగిలేది కాదు. అక్క పెళ్ళి అప్పు తీర్చాల్సిన 1988లో మెటడోర్ వ్యాను డీజిలు ఇంజను ఎక్కించారు. ఆర్సీ పుస్తకంలో రాయించారు కూడా, దొంగతనంగా చేసింది కాదు. ఆ ఇంజను మీదే మా ఇల్లు నిలబడింది. ఊళ్ళో పురిటి నొప్పులొస్తే, పాము కరిస్తే, రాత్రి రెండింటికి తలుపు తట్టేది మాదే. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు.

స్టీరింగు చూడండి ఒకసారి. ఎడమ చెయ్యి ఆనేచోట నలుపు అరిగి, జానెడు మేర గోధుమ రంగు తేలింది. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ జానెడు చోటుని నేను తుడుస్తాను గానీ పాలిష్ పెట్టను.

ప్రైజు అడగట్లేదు. వరసలో చోటు అడుగుతున్నాను. తప్పా?

ఫియట్ 1089:
మీ పక్కనున్న తెల్ల ఫియట్ నాదేనండి. మిమ్మల్ని పంపిన తీరు తప్పు. పెద్దాయన బండిని మోటారు సైకిళ్ళ దగ్గర పెట్టడం చూసి నాకూ బాధేసింది, అప్పుడే మాట్లాడాల్సింది. మాట్లాడలేదు, అది నా తప్పు.

కానీ విషయం మీద మాత్రం మీతో ఏకీభవించలేను. నాది 1965 ఫియట్ 1100 డిలైట్. దాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టడానికి మూడున్నరేళ్ళు పట్టింది. కార్బొరేటర్ కోసం పాత బండ్ల సామాన్లు దొరికే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ రెండూ తిరిగాను. డీజిలు ఇంజను పడెయ్యమని చెప్పినవాళ్ళు నాకూ ఉన్నారు. వెయ్యలేదు. ఎందుకంటే ఆ 1089 సీసీ ఇంజను చప్పుడే ఆ కారు. స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో వదిలితే కుట్టు మిషన్ తొక్కుతున్నట్టు ఉంటుంది. మా అబ్బాయి ఆ చప్పుడు విన్నాడు. రేపు వాడి పిల్లలు ఎక్కడ వింటారు? ప్రదర్శనలో కూడా వినపడకపోతే ఇంకెక్కడా వినపడదు.

మీ బండి బోనెట్ ఎత్తితే వినపడేది వ్యాను. అంబాసిడర్ కాదు.

నాగావళి ఒడ్డు:
ఏటి బావూ, ఆ ముక్క అంత గట్టిగా అనీసారు. మా శ్రీకాకుళంలో తొంభైల్లో టాక్సీ స్టాండులో నిలబడ్డ అంబాసిడర్లు సగానికి పైగా డీజిలు మోతే. మాకు అంబాసిడర్ చప్పుడంటే అదే. ఆమదాలవలస స్టేషను బయట రాత్రిపూట ఆ మోత వినపడితే ఊరొచ్చీసినట్టు.

పాత స్పానర్:
నలభై ఏళ్ళు ఇదే పనిలో ఉన్నాను, కాస్త వివరంగా చెప్తాను.

అంబాసిడర్ అసలు రూపం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. కోల్‌కతా దగ్గర ఉత్తరపాడాలో 1950ల చివర మొదలైంది, 2014లో ఆగిపోయింది. మొదట్లో సైడ్ వాల్వు ఇంజను. తర్వాత 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వుది. ఆ తర్వాత కంపెనీయే డీజిలు తెచ్చింది. 1990ల్లో 1800 సీసీ ఇసుజు ఇంజను పెట్టింది. అంటే కంపెనీ కూడా ఇంజను మార్చుకుంటూనే బతికింది.

ఇక 'అసలు సిసలు' అని ముందు వరసలో పెట్టిన బండ్ల సంగతి. 2000 నుంచి పెట్రోల్లో సీసం లేదు. ఇంజన్లో వాల్వు సీట్లు అరక్కుండా కాపాడేది ఆ సీసమే. అందుకని వాల్వు సీట్లు గట్టివి వేయించినవాళ్ళున్నారు. బ్యాటరీ ఛార్జి చేసే పాత డైనమో పీకి ఆల్టర్నేటర్ పెట్టినవి ఆదివారం నా కళ్ళతోనే మూడు చూశాను. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి పాత రబ్బరు పైపులూ, పెట్రోలు పంపులో డయాఫ్రమ్ అనే పలచటి పొరా ఆగవు, అవీ మార్చాల్సిందే. గీత ఎక్కడ గీస్తారు? డైనమో మారితే ముందు వరస, ఇంజను మారితే వెనక గోడా?

పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే మన సిరిమాను ఏటా కొత్త చెట్టే కదండీ. పాత మాను తేలేదని పైడితల్లి అమ్మవారి పండగ కాదంటామా?

ఫియట్ 1089:
మంచి మాట అన్నారు. సిరిమాను ఏటా కొత్తదే. కానీ ఏటా చింతమానే. టేకు బలంగా ఉంటుందని టేకు తేరు, ఇనుప స్తంభం చవకని అదీ తేరు. నేనూ అదే అంటున్నాను. వాల్వు సీటు మార్చండి, పైపు మార్చండి, 1489 సీసీ ఇంజను పాడైతే ఇంకో 1489 తెచ్చి పెట్టండి. చింత స్థానంలో చింత. మెటడోర్ ఇంజను చింత కాదు.

చట్టం కూడా అదే చెప్తోంది. 2021 జులైలో కేంద్రం పాత బండ్లకి విడిగా రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకూడదు. నంబర్లో వీఏ అని వస్తుంది, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. వయసు చూస్తే మీ బండికి వచ్చేది. ఇంజను వల్లే రాదు.

గంట్యాడ టాక్సీ:
ఆ నిబంధన నేనూ చదివానండి. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తియ్యాలంతే. నాకది వద్దు. మా అమ్మ ఇప్పటికీ ఆ బండిలోనే ఆసుపత్రికి వెళ్తుంది. తక్కువ ఎత్తు కార్లలోకి వంగి ఎక్కలేదు.

చింతమాను మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. నిన్నట్నుంచీ ఆలోచిస్తున్నా. మీరన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఒకటి చెప్పండి. ఈ జిల్లాలో అంబాసిడర్ ఎలా బతికిందో తెలుసుకోవాలని ఒక పిల్ల ప్రదర్శనకొస్తే, మెరిసిపోతున్న పది పెట్రోలు బండ్లు చూసి ఏం తెలుసుకుంటుంది? అవి షెడ్డుల్లో బతికాయి. మాది రోడ్డు మీద బతికింది.

ఆమదాలవలస అప్ప:
నాకు ఇంజన్ల గురించి తెలీదు. నేను పిల్లలిద్దర్నీ, మా అత్తగార్నీ తీసుకుని ఆదివారం వచ్చాను. ముందు వరసలో తాళ్ళు కట్టారు, ముట్టుకోనివ్వలేదు. అది సబబే, రంగు గీరుకుపోతుంది. బైటికెళ్తుంటే గోడవార ఈ బాబు బండి కనపడింది. మా అత్తగారు వెళ్ళి వెనక తలుపు మీద చెయ్యేసి నిలబడిపోయారు. ఆవిడ కాపురానికొచ్చింది అంబాసిడర్లోనట. గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీట్లో డ్రైవరు కాక ఇద్దరు, వెనక ఐదుగురు, డిక్కీలో సారె. ఈ బాబు తలుపు తీసి "కూర్చోండమ్మా" అన్నారు. సీటు మధ్యలో కూర్చుని, చెరోపక్కా చేత్తో తడిమి చూసుకున్నారు. మా పెద్దది ఇంటికెళ్ళేదాకా ఆవిడ్ని కాపురం సంగతులే అడిగింది.

ముందు వరస కార్లలో ఒక్కదాని పేరూ దానికి గుర్తులేదు.

నాగావళి ఒడ్డు:
అప్పా, మీరు చెప్పిందే అసలు ముక్క. వేరే వరస పెట్టండి, 'జిల్లాలో తిరిగిన బండ్లు' అని బోర్డు రాయండి. సాలూరు లారీ ఒకటి, పాత జీపు ఒకటి, ఈ టాక్సీ. జనం అక్కడే మూగుతారు.

ఫియట్ 1089:
వేరే వరసకి నేను ఒప్పుకుంటాను. ముందే ఉండాలి, గోడవార కాదు. బోర్డు మీద మాత్రం ఇంజను ఎప్పుడు, ఎందుకు మారిందో స్పష్టంగా రాయాలి. చూసేవాళ్ళకి అబద్ధం చెప్పకూడదు.

గంట్యాడ టాక్సీ గారూ, ఆ పాత పెట్రోలు ఇంజను ఏం చేశారు? తుక్కుకి వేసేశారా?

గంట్యాడ టాక్సీ:
లేదండి, పశువుల సాలలో ఉంది. నాన్న అమ్మనివ్వలేదు, టార్పాలిన్ కప్పి ఉంచారు. ముప్పై ఎనిమిదేళ్ళయింది, తిరుగుతుందన్న ఆశ లేదు.

పాత స్పానర్:
ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త డీజిలూ ఆయిలూ కలిపి పోసి వారం వదిలెయ్యండి. తర్వాత ముందు పుల్లీ దగ్గర చేత్తో తిప్పి చూడండి. బలవంతం చెయ్యకండి, రింగులు విరుగుతాయి. కార్బొరేటర్ ఉందా?

గంట్యాడ టాక్సీ:
కార్బొరేటర్ లేదు. ఎలకలు కొట్టిన వైర్లూ, బ్లాకూ, హెడ్డూ ఉన్నాయి.

ఫియట్ 1089:
మల్లిక్ బజార్లో నేను తెచ్చిన సామాన్లలో అంబాసిడర్‌కి వేసే ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్ ఒకటి పొరపాటున వచ్చింది. నాకు పనికిరాదు, మీకిస్తాను. ఇంజను స్టాండు మీద నిలబెట్టి బండి పక్కనే పెట్టండి, వచ్చే ప్రదర్శనలో స్టార్ట్ చేసి వినిపిద్దాం. బండిలో డీజిలు ఉన్నంతవరకూ ప్రైజు వరసలోకి రాకూడదనే ఇప్పటికీ అంటాను, ఆ మాట మార్చను. ముందు బ్లాకు మీద నంబరుందేమో, తుప్పు గీకి చూడండి.

గంట్యాడ టాక్సీ:
ఇప్పుడే చూశాను. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే బయటపడింది. ఆర్సీ పుస్తకం మొదటి పేజీలో ఉన్న నంబరే.